తోడుకు రెండో గుర్రమా, పక్కవాళ్ల గుర్రమా?

గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా కట్టేస్తే కొన్ని గుర్రాలు తొట్టి అంచును పళ్లతో పట్టుకుని గాలి గొంతులోకి లాగుతాయి, గంటల తరబడి అటూ ఇటూ ఊగుతాయి. విశాఖలో భీమిలి, ఆనందపురం వైపు ఒక్క గుర్రాన్నే పెంచుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

రెండోదాన్ని కొంటే రాత్రీ పగలూ తోడుంటుంది, నిజమే. కానీ మేత, లాడాలు, డాక్టరు ఖర్చు రెట్టింపు. స్వారీకి వెంట వచ్చే మనిషి మాత్రం దొరకడు.

చుట్టుపక్కల గుర్రాలున్నవాళ్లతో కలవడమే నాకు నచ్చుతుంది. తెల్లవారుజామున అల తడిపి గట్టిపరిచిన ఇసుక మీద ఇద్దరు వెళ్తుంటే, బెదిరే గుర్రం కూడా ముందున్నదాన్ని చూసి కుదుటపడుతుంది. ఒకరు పడితే లేపడానికి ఇంకొకరుంటారు. ఊరెళ్తే మేత వేసేవాళ్లూ దొరుకుతారు.

కాకపోతే మొదటి రోజే ముక్కులు తాకనివ్వకండి. గ్లాండర్స్ గుర్రాలకు వచ్చే అంటురోగం, మనుషులకూ సోకుతుంది. రక్తపరీక్ష, ధనుర్వాతం టీకా సంగతి మొహమాటపడకుండా అడగండి. నీళ్ల తొట్టి, కళ్లెం ఎవరివి వాళ్లవే. ముందు కంచెకు అటూ ఇటూ నిలబెట్టి, చెవులు వెనక్కి వాల్చడం తగ్గాక పక్కపక్కన నడిపించండి.

రాత్రి ఒంటరితనం దీంతో తీరదు. అందుకు శాలలో మేకను తోడుంచడం పాత పద్ధతే, కొన్ని గుర్రాలకు అది సరిపోతుంది కూడా.