సిట్రస్ పెక్టిన్ పౌడర్: జామ్ చేసుకోవడానికి సరే, పిల్లలు పుట్టాలనైతే కొనకండి

మా తోడికోడలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పెక్టిన్ పౌడర్ గురించి ఇది. పెక్టిన్ అంటే నిమ్మ, బత్తాయి తొక్కల్లాంటి వాటిలో ఉండే పీచుపదార్థం, జామ్‌ని గట్టిపరుస్తుంది. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఇది తాగితే గర్భం వస్తుందని చెప్పి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. 150 గ్రాముల డబ్బా 1,499 రూపాయలు. ముందువైపు పసిపాదాల బొమ్మ, "సహజంగా గర్భధారణకు" అని పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పి చూస్తే "ఔషధంగా వాడటానికి కాదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

పొడికి మాత్రం వంక పెట్టలేను. లేత గోధుమ రంగు, ఎండిన బత్తాయి తొక్క వాసన. నేరుగా నీళ్లలో వేస్తే ఉండ కడుతుంది, పైన జిగురు పట్టి లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది, అందుకే ముందు పంచదారలో కలిపి చల్లుకోవాలి (ఈ ముక్క ఎక్కడా రాయలేదు). అనాసలో పెక్టిన్ తక్కువ కాబట్టి దానితోనే చూద్దామని గుజ్జు, పంచదార, నిమ్మరసం మరిగించి ఇది వేశాను. చల్లారాక జామ్ చక్కగా గట్టిపడింది.

నాకు కోపం తెప్పించింది డబ్బాలో పెట్టిన కరపత్రం. "పెక్టిన్‌కీ ఫలదీకరణకీ సంబంధం ఉందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అట. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. ఆ పరిశోధన నిజమే, అయితే అది మొక్కల్లో! పుప్పొడి రేణువు కీలాగ్రం (పువ్వులో ఆడ భాగం కొన) మీద పడ్డాక సన్నటి గొట్టం మొలిచి కీలం (ఆ కొన కింది కాడ) లోంచి అండం దాకా వెళ్తుంది. గొట్టం కొన దగ్గర గోడలోని పెక్టిన్ మెత్తగా ఉంటేనే అది సాగుతుంది, వెనక భాగంలో పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ మిథైల్ సమూహాలను (పెక్టిన్‌కి అతుక్కున్న చిన్న రసాయన ముక్కలు) తీసేస్తే అక్కడ కాల్షియం చేరి గోడ గట్టిపడుతుంది. అరబిడాప్సిస్ అని ఆవాల కుటుంబంలో చిన్న మొక్క ఉంది. దానిలో వాన్‌గార్డ్1 అనే జన్యువు చెడిపోతే ఈ గొట్టాలు తేలిగ్గా పగిలిపోతాయనీ, కీలంలో నెమ్మదిస్తాయనీ, పుప్పొడి వైపు సంతానశక్తి బాగా పడిపోతుందనీ 2005లో తేల్చారు. క్లాసులో ఈ పాఠం చెప్పడం నాకెంతో ఇష్టం. కానీ మన కణాలకు పెక్టిన్ గోడలే లేవు కదా! మనం మింగిన పెక్టిన్ పెద్దపేగులో బ్యాక్టీరియాకి ఆహారమవుతుంది. ఆ పుప్పొడి కథకీ ఆడవాళ్ల అండాశయానికీ ముడిపెట్టి అమ్మడం అన్యాయం. మనుషుల మీద చేసిన క్లినికల్ ట్రయల్ ఒక్కటీ ఆ కరపత్రంలో లేదు.

పీచుపదార్థంగా పెక్టిన్ మంచిదే. రోజుకు 6 గ్రాములు తీసుకుంటే కొలెస్ట్రాల్ అదుపులో ఉంటుందన్న మాటని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకుంది, భోజనంతో పాటు 10 గ్రాములు తీసుకుంటే తిన్నాక షుగర్ పెరగడం తగ్గుతుందనీ చెప్పింది. ఆ లెక్కన రోజుకు 6 గ్రాములైతే ఈ డబ్బా పాతిక రోజులకే ఖాళీ. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి, అండం విడుదల గాడి తప్పే సమస్య) ఉన్నవాళ్లకి పీచున్న తిండి మేలే, దానికి జామకాయలు, బత్తాయి తొనలు (పైన తెల్ల పొర తీసేయకుండా) తింటే సరిపోదా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి. పొద్దున్నే పరగడుపున ఒక చెంచా తాగమని రాశారు. మా తోడికోడలు థైరాయిడ్ మాత్ర వేసుకునేదీ అప్పుడే. పీచు ఎక్కువగా ఉన్నవి దగ్గర దగ్గరగా తీసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు, థైరాయిడ్ అదుపు తప్పితే గర్భం నిలవడం ఇంకా కష్టం. దీని గురించి కరపత్రంలో ఒక్క వాక్యం కూడా లేదు. మాత్రకీ దీనికీ ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ని అడగాలి. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "మూత తీస్తే రిటర్న్ లేదు మేడం" అన్నారు.

"అక్కా, ఇంకో డబ్బా వాడి చూడనా" అని మా తోడికోడలు అడిగింది. వద్దన్నాను. ఏడాది ప్రయత్నించినా, ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా మరిది ఇంతవరకూ వీర్య పరీక్షే చేయించుకోలేదు, అది ఈ డబ్బా ధర కన్నా తక్కువలోనే అయిపోతుంది. వచ్చే వారం ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

రేటింగ్: 5కి 1, అదీ జామ్ కోసం. జామ్‌కే కావాలంటే కేక్ సామాన్లు అమ్మే షాపులో మామూలు పెక్టిన్ అడగండి.