ఓర్పా, విషమా: నిదానమైన ప్రాణికి ఏది మేలు?

నీటిలో బతికే భారీ క్షీరదం అమెజాన్ మానటీ, సముద్రపు శంకు నత్త రెండూ పరుగెత్తలేనివే. బతకడానికి మొదటిది ఓర్పును నమ్ముకుంది, రెండోది విషాన్ని.

మానటీల్లో పూర్తిగా మంచినీటిలోనే జీవించేది అమెజాన్ జాతి ఒక్కటే. బ్రెజిల్ ప్రజలు దీన్ని ‘ఎద్దు చేప’ అని పిలుచుకుంటారు. క్వింటాళ్ల కొద్దీ తూగే ఈ సాధుజంతువు వరద కాలంలో నీటి మొక్కలను మేసి కొవ్వు కూడబెట్టుకుంటుంది. నీరు తీసే కాలంలో లోతైన సరస్సుల్లోకి చేరి, మేత దొరకకపోయినా ఆ కొవ్వుతోనే నెలల తరబడి నెట్టుకొస్తుంది. జీవక్రియ చాలా మందంగా సాగడం వల్లనే అంత పెద్ద దేహం అంత పస్తును తట్టుకోగలుగుతోంది.

శంకు నత్తల్లో అత్యంత ప్రమాదకరమైన కోనస్ జియోగ్రాఫస్ మన అరచేతిలో ఇమిడిపోతుంది. పగడపు దిబ్బల మధ్య అది రాత్రిపూట నోటిని వలలా విప్పి చిన్న చేపలను చుట్టేస్తుంది. దాని విషంలో ఇన్సులిన్ కూడా ఉందని, అది చేపల రక్తంలో చక్కెరను పడగొట్టి వాటిని మందగింపజేస్తుందని 2015లో వెల్లడైంది. ఆ తర్వాత బోలుగా, మొనదేలి ఉండే పంటిని ఈటెలా గుచ్చి విషం ఎక్కిస్తుంది. ఒక్కో పన్ను ఒక్క వేటుకే పనికొస్తుంది, కానీ లోపలి సంచిలో మరికొన్ని సిద్ధంగా ఉంటాయి. ఈ నత్త కుట్టి మనుషులు కూడా మరణించారు. దీనికి విరుగుడు మందు లేదు. అండమాన్, లక్షద్వీప్ తీరాలకు వెళ్లేవారు శంకు ఆకారపు అందమైన గవ్వ కనబడితే, అది ఖాళీగా అనిపించినా చేత్తో తీయకూడదు. అయితే ఇదే కుటుంబానికి చెందిన కోనస్ మాగస్ విషం ఆధారంగా తయారైన జికోనోటైడ్ అనే నొప్పి మందుకు అమెరికాలో 2004లో అనుమతి లభించింది. వెన్నెముక ద్రవంలోకి ఎక్కించే ఆ మందు, ఏ మందుకూ లొంగని నొప్పితో నలిగే రోగులకు ఇస్తారు.

ఆత్మరక్షణ వరకే చూస్తే విషమే మేలని నేను ఒప్పుకుంటాను. మానటీ ఊపిరి కోసం నిమిషాల వ్యవధిలో పైకి రాక తప్పదు. పడవలో ఈటె పట్టుకుని కాచుకున్న వేటగాడికి ఆ ఒక్క క్షణం చాలు. పూర్వం అలా చిక్కినదాని ముక్కు రంధ్రాల్లో చెక్క బిరడాలు కొట్టి ఊపిరాడకుండా చంపేవారు. ఎండాకాలంలో దానికి ఆశ్రయమిచ్చే సరస్సులే వేటగాళ్లకు తెలిసిన చోట్లు కూడా.

కాపాడవలసిన వరుసలో మాత్రం నేను మానటీనే ముందుంచుతాను, ఎందుకంటే దాదాపు ఏడాది మోసి ఒక్క పిల్లనే కనే ఈ జంతువుకు పోయిన సంఖ్య తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. చట్టం నిషేధించినా వేట ఆగలేదు. తల్లిని కోల్పోయిన పిల్లలను బ్రెజిల్‌లోని మనౌస్ నగరపు పరిశోధన సంస్థలో సీసాపాలతో పెంచి, మళ్లీ నదిలోకి వదులుతున్నారు.