హ్యూమన్ ఫ్యాక్టర్స్ కోర్సు: నాలుగేళ్ల తర్వాత నా సమీక్ష

ఇంగ్లండులో సైబర్ సెక్యూరిటీ ఎమ్మెస్సీ చదువుతూ 2021లో ‘హ్యూమన్ ఫ్యాక్టర్స్’ అనే ఎలెక్టివ్ తీసుకున్నాను. భద్రతా వ్యవస్థలను మామూలు మనుషులు ఎలా వాడతారో, ఎక్కడ తడబడతారో చదివే సబ్జెక్టు ఇది. పది వారాల కోర్సు. వారానికి రెండు గంటలు లెక్చరు, ఒక గంట సెమినారు. పరీక్ష లేదు, రెండు అసైన్‌మెంట్లు ఉండేవి. నా తోటివాళ్లలో ఎక్కువమంది పెనెట్రేషన్ టెస్టింగ్ (లోపాలు కనిపెట్టడానికి అనుమతితో వ్యవస్థలోకి చొరబడి చూడటం) వైపు వెళ్లారు. ఉద్యోగానికి పనికొచ్చేది అదేనని సీనియర్లు నాకూ గట్టిగానే చెప్పారు. చదువయ్యాక హైదరాబాదు వచ్చి ఒక సంస్థ సెక్యూరిటీ టీములో చేరాను. అప్పటినుంచి ఇప్పటిదాకా పాత నోట్సు తీసి చూడాల్సి వచ్చిందంటే అది ఈ ఒక్క సబ్జెక్టు కోసమే. యూనివర్సిటీ పేరు రాయడం లేదు. ఎక్కడ చదివినా ఈ సబ్జెక్టుకు మూలపాఠాలు దాదాపు ఇవే కాబట్టి, వాటి గురించే చెబుతాను.

మొదటి లెక్చరు 1883లో మొదలైంది. సైనిక సంకేతలిపి ఎలా ఉండాలో ఓగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషావేత్త ఆ ఏడాది ఆరు నియమాలు రాశాడు. తాళంచెవి తప్ప మిగతాదంతా శత్రువుకు తెలిసినా వ్యవస్థ నిలబడాలనే నియమం సెక్యూరిటీ చదివిన అందరికీ తెలుసు. ఆరో నియమం మాత్రం మాలో ఎవరూ విని ఉండలేదు: వాడటానికి తేలికగా ఉండాలి, బుర్రకు భారం కాకూడదు, పొడుగాటి నియమాల జాబితా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండకూడదు. కంప్యూటరు పుట్టకముందే చెప్పిన మాట అది.

అక్కడినుంచి నేరుగా 1999కి వచ్చాం. ఆల్మా విటెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు పీజీపీ 5.0 అనే ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని ఇతరులు చదవలేని సంకేతాల్లోకి మార్చే) సాఫ్ట్‌వేరును పన్నెండు మందికిచ్చి, తొంభై నిమిషాల్లో రహస్య సందేశం పంపమన్నారు. మూడోవంతు మందే సరిగ్గా పంపగలిగారు. ముగ్గురైతే ఎన్‌క్రిప్ట్ చేయకుండానే ఆ రహస్యాన్ని పంపేశారు. ఆ సాఫ్ట్‌వేరులోని గణితంలో లోపమేమీ లేదు. లోపమంతా తెరమీద ఉంది.

ఇది చదివి తలూపడం తేలికే. మా రెండో అసైన్‌మెంటుతో గానీ అది నాకు ఒంటబట్టలేదు. ఐదుగురిని కూర్చోబెట్టి ఒక పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డులన్నీ ఒకచోట దాచి, ఒకే మాస్టర్ పాస్‌వర్డ్‌తో తెరుచుకునే సాఫ్ట్‌వేరు) ఇన్‌స్టాల్ చేయించాలి. చేస్తున్నంతసేపూ మనసులో ఏమనుకుంటున్నారో వాళ్లు పైకి చెబుతుండాలి. మనం పక్కనే కూర్చుని రాసుకోవాలి తప్ప సాయం చేయకూడదు. రిటైరైన ఒకావిడ ‘మాస్టర్ పాస్‌వర్డ్’ అడిగిన చోట తన ఈమెయిల్ పాస్‌వర్డ్ కొడుతూ ఇరవై నిమిషాలు తంటాలు పడింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటున్నారని ఆమెకు ఏ అక్షరమూ చెప్పలేదు. చివరికి నావైపు తిరిగి “నాదే తప్పు, నాకు ఇవన్నీ రావు” అంది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. తప్పు ఆమెది కాదని ఐదుగురిలో ముగ్గురు అదే చోట ఆగాక నా కాగితమే చెప్పింది. మంచి మార్కులొచ్చిన మిగతా పేపర్లన్నిటికంటే ఆ ఇరవై నిమిషాలు నాకెక్కువ నేర్పాయి.

ఉద్యోగంలో ఇది వెంటనే అక్కరకొచ్చింది. నేను చేరిన చోట నలభై ఐదు రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలి. అకౌంట్స్ విభాగంలో ఒకాయన క్యాలెండరు వెనక పాస్‌వర్డ్ రాసుకున్నారని ఆడిట్‌లో తేలింది. ఆయనకు మెమో ఇవ్వాలన్నారు. కోర్సులో చదివిన ఆన్ ఆడమ్స్, ఆంజెలా సాస్ అనే పరిశోధకుల 1999 వ్యాసం నాకు గుర్తొచ్చింది. పాస్‌వర్డులు తరచూ మార్పిస్తే, ఒక్కో మనిషికి నాలుగైదు అంటగడితే, మనుషులు రాసుకోక తప్పదని ఆ ఇద్దరూ ఉద్యోగులను అడిగి తేల్చారు. వెళ్లి ఆయనతో మాట్లాడాను. రోజూ ఆరు అప్లికేషన్లు వాడతారు, ఆరింటికీ వేర్వేరు పాస్‌వర్డులు, ఆరింటికీ గడువులు వేర్వేరు. నెలాఖరులో జీతాలు వేసే రోజున అకౌంటు లాకైతే హెల్ప్‌డెస్క్ ఫోనెత్తేదాకా మూడొందల మంది జీతాలు ఆగుతాయి. ఆ పరిస్థితిలో నేనైనా రాసుకునేదాన్నే.

గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించొద్దని, బయటపడిందన్న ఆధారం ఉంటేనే మార్పించమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. 2003 నాటి పాత మార్గదర్శకాలు రాసిన బిల్ బర్ కూడా అదే ఏడాది ఒక పత్రికతో మాట్లాడుతూ వాటిలో చాలావాటికి పశ్చాత్తాపపడుతున్నానన్నాడు. ఇవన్నీ చూపించినా మా దగ్గర ఆ నియమం మారడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇక్కడే కోర్సులో ఒక వెలితి కనిపించింది: ఏది సరైనదో చెప్పారు గానీ, ఆడిటర్‌ను, పై అధికారిని ఎలా ఒప్పించాలో ఒక్క గంటైనా చెప్పలేదు. పనిలో సగం అదే.

ఇక నాకు అన్నిటికంటే విలువైనది ఐదో వారం. రిక్ వాష్ అనే పరిశోధకుడు 2010లో మామూలు మనుషులతో మాట్లాడి, వైరస్ల గురించీ హ్యాకర్ల గురించీ వాళ్ల మనసుల్లో ఎనిమిది రకాల ఊహాచిత్రాలు ఉన్నాయని తేల్చాడు. మనిషి తన మనసులోని బొమ్మను బట్టే జాగ్రత్త పడతాడు గానీ, మనం ఇచ్చే సలహాను బట్టి కాదు.

2023 జనవరిలో తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. పాత కుట్టుమిషను అమ్మకానికి పెడితే, కొంటానన్నవాడు యూపీఐలో డబ్బు అడిగే రిక్వెస్ట్ పంపి, డబ్బు రావాలంటే పిన్ కొట్టమన్నాడట. అమ్మ కొట్టింది. రెండు వేలు పోయాయి. డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదని నేనే రెండుసార్లు చెప్పి ఉన్నాను. కోపం వచ్చింది. కానీ ఐదో వారం గుర్తొచ్చి, “పిన్ ఎందుకు అడుగుతున్నాడనుకున్నావమ్మా?” అని మాత్రం అడిగాను.

“డబ్బులు తీసుకునేటప్పుడు సంతకం పెట్టొద్దూ? మీ నాన్న భిలాయి నుంచి మనియార్డరు పంపితే పోస్టుమాను సంతకం పెట్టించుకునేగా చేతికిచ్చేవాడు” అంది.

నాకు నోట మాట రాలేదు. అమ్మకు పిన్ అంటే తాళంచెవి కాదు, సంతకం. ఏళ్ల తరబడి నెలనెలా మనియార్డరు ఫారం మీద సంతకం చేసి డబ్బు అందుకున్న మనిషికి, అందుకోవడానికి పిన్ అడగడం న్యాయంగానే తోస్తుంది. నా సలహా ఆమె నమ్మకం పక్కనుంచి వెళ్లిపోయింది, దాన్ని తాకనే లేదు. అప్పుడు వేరేగా చెప్పాను: “పిన్ అంటే చెక్కు మీద సంతకం, మనియార్డరు మీద సంతకం కాదు.” ఆ తర్వాత మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. మనుషుల మధ్య జరిగే ఆ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఎత్తేసింది. జాగ్రత్తలు చెబుతూ కూర్చోవడం కన్నా ప్రమాదం ఉన్న మెట్టునే తీసేయడం మేలని మా ప్రొఫెసర్ పదే పదే అనేవారు. ఆ వార్త చదివి ఆయనకు ఈమెయిల్ రాశాను.

అయితే ఈ మనియార్డరు సంగతి నాకు తట్టడానికి కోర్సు దారి చూపింది గానీ, అలాంటి ఉదాహరణ మాత్రం అందులో ఒక్కటీ లేదు. ఒక మనిషికి ఒక ఫోను, ఆ ఫోనులో వచ్చే ఇంగ్లీషు చదవడం వచ్చు అన్న లెక్కతోనే పాఠాలన్నీ నడిచాయి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట ఓటీపీ ఎవరిది? ఇంగ్లీషులో వచ్చిన బ్యాంకు మెసేజీని పక్కింటి అబ్బాయితో చదివించుకునే వాళ్లకు ‘ఎవరికీ చెప్పొద్దు’ అనే మాటకు అర్థమేమిటి? సెమినారులో ఇది అడిగితే మంచి ప్రశ్న అన్నారు, ముందుకు సాగిపోయారు. మన దేశంలో ఈ సబ్జెక్టు మొదలుపెట్టేవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి.

గణాంకాల భాగం మరీ తొందరగా లాగించేశారు, రెండు గుంపుల సగటులను పోల్చే టి-టెస్ట్ నేను సొంతంగా నేర్చుకున్నాను.

చేరాలనుకునేవాళ్లు ముందు సైబాక్ (CyBOK) అనే సైబర్ సెక్యూరిటీ గ్రంథంలోని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అధ్యాయం చదవండి. బ్రిస్టల్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో తయారైన ఆ గ్రంథం ఉచితంగా దొరుకుతుంది. ఆ అధ్యాయం రాసినవారిలో ఆంజెలా సాస్ కూడా ఉన్నారు. తర్వాత మీ ఇంట్లో ఒకరి పక్కన కూర్చుని, వాళ్లు బ్యాంకు యాప్ వాడుతుంటే అరగంట నోరు మెదపకుండా రాసుకోండి. ఆ కాగితం మీద రాసింది మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తే ఈ కోర్సులో చేరండి.