పల్సర్లకు ఏది మేలు: 400 మెగాహెర్ట్జా, 1400 మెగాహెర్ట్జా?

పల్సర్లంటే గిరగిరా తిరుగుతూ, క్రమం తప్పకుండా రేడియో పల్స్‌లు పంపే నక్షత్ర అవశేషాలు. కొత్త పల్సర్ల కోసం గాలించేటప్పుడు చాలామంది మొదట 400 వైపే మొగ్గుతారు. అందుకు బలమైన కారణమే ఉంది. పల్సర్లు తక్కువ రేడియో పౌనఃపున్యాల్లోనే ఎక్కువగా ప్రకాశిస్తాయి. 1967లో జోసెలిన్ బెల్ తొలి పల్సర్‌ను గుర్తించింది 81.5 మెగాహెర్ట్జ్ దగ్గర. 1400తో పోలిస్తే 400లో సగటు పల్సర్ ఆరు రెట్ల దాకా ఎక్కువ ప్రకాశవంతం. పైగా అదే డిష్‌కు ఒక్కసారిలో కనిపించే ఆకాశం 12 రెట్లు ఎక్కువ.

పాలపుంత తలం వైపు చూస్తే మాత్రం ఈ లెక్కంతా తప్పుతుంది. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల జరిగే పరిక్షేపణ, అంటే తరంగాలు చెదిరి వేర్వేరు దారుల్లో రావడం, ప్రతి పల్స్‌కూ ఒక తోక తగిలిస్తుంది. 1400 దగ్గర 1 మిల్లీసెకను ఉన్న ఆ తోక 400కు వచ్చేసరికి సుమారు 150 మిల్లీసెకన్లవుతుంది. పల్సర్ సెకనుకు పదిసార్లు తిరిగేదైతే పల్స్‌లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, స్పందనే మాయమవుతుంది. విక్షేపణను, అంటే తక్కువ పౌనఃపున్యాలు ఆలస్యంగా రావడాన్ని, కంప్యూటర్‌లో సరిదిద్దవచ్చు, ఈ పరిక్షేపణ తోకను సరిదిద్దడం దాదాపు అసాధ్యం. ఇక 1400లో ఆకాశం ఇరుకుగా కనిపించే లోటును ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు ఒకేసారి 13 చోట్లను చూసే 13 బీమ్‌ల రిసీవర్‌తో పూడ్చుకుంది, తలం వెంట 800కు పైగా పల్సర్లను వెలికితీసింది. కాబట్టి తలం మీద 1400, దానికి దూరంగా 400. ఇందులో నాకు సందేహం లేదు.

టైమింగ్‌లో, అంటే పల్స్‌లు చేరే సమయాన్ని కచ్చితంగా కొలవడంలో, అసలు చిక్కు ఉంది. దారిలోని ఎలక్ట్రాన్ల లెక్క, అంటే డీఎం, 50 ఉన్న పల్సర్‌ను తీసుకోండి. దాని పల్స్ 1400లో 106 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, 400లో 1.3 సెకన్లు ఆలస్యమవుతుంది. ఆ డీఎం స్థిరంగా ఉండదు, సౌరపవనం కూడా దాన్ని కదిలిస్తుంది. 0.001 మారిందంటే 400లో 26 మైక్రోసెకన్లు, 1400లో 2 మైక్రోసెకన్లు తేడా వస్తుంది. అందుకని 1400 గెలిచినట్టేనా? గురుత్వ తరంగాల కోసం వెతికేవాళ్లకు 100 నానోసెకన్ల కచ్చితత్వం కావాలి, వాళ్లకు ఆ 2 కూడా చాలా పెద్ద తప్పు. అది డీఎం వల్ల వచ్చిందని 1400 ఒక్కటే చూసి చెప్పలేం. 400లో కనిపించే ఆ 26 మైక్రోసెకన్లే దాన్ని పట్టిస్తాయి.

ఒక్క రిసీవరే ఉంటే టైమింగ్‌కు 1400నే ఎంచుకోవాలి. రెండూ ఉంటే రెండింటితోనూ ఒకే రోజు చూడాలి, వారాల తేడా వస్తే ఈలోగా డీఎం మారిపోతుంది. భారత పల్సర్ టైమింగ్ అరే బృందం పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు డిష్‌లను గుంపులుగా విడదీసి, 300-500, 1260-1460 మెగాహెర్ట్జ్ పట్టీల్లో ఒకేసారి చూస్తున్నది ఇందుకే.