ఇంట్లో ఒకరికి టీబీ తేలితే మిగతావాళ్లకు ఏది మేలు: వారానికోసారి మందా, రోజూ మాత్రా?

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి ఊపిరితిత్తుల టీబీ తేలిందనుకోండి. ఇంట్లో మిగతావాళ్లు బాగానే ఉంటారు. కానీ క్రిమి వాళ్ల ఒంట్లోనూ నిద్రాణంగా ఉండొచ్చు. అది జబ్బుగా తిరగబడేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అందుకే ముందుజాగ్రత్త మందు.

పాత పద్ధతిలో ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు వేసుకోవాలి. పెద్దలకు కిలోకు 5 మి.గ్రా., 300 మించకూడదు. కొత్త పద్ధతిలో ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి, 12 వారాలు. పెద్దలకు ఒక్కొక్కటి 900 మి.గ్రా. విడి మాత్రలైతే ఒకే పూట తొమ్మిది, కలిపి చేసినవైతే మూడు. అన్నం తిన్నాకే వేసుకోవాలి. రెండింటిలోనూ తిమ్మిర్లు రాకుండా విటమిన్ బి6 ఇస్తారు.

మా ఓటు వారపు మందుకే. ఏ బాధా లేని మనిషి చేత ఆరు నెలలు రోజూ మాత్ర మింగించడం చాలా కష్టం. కూలి కోసం ఊరు మారితే అక్కడితో ఆగిపోతుంది. పన్నెండు సార్లయితే ఆశా కార్యకర్త దగ్గరుండి వేయించగలదు. 2011లో వెలువడిన పెద్ద పరిశోధనలో వారపు మందు పూర్తి చేసినవాళ్లు 82 శాతం, దానితో పోల్చిన రోజువారీ ఐసోనియాజిడ్ (అక్కడ ఆరు కాదు, తొమ్మిది నెలలు) పూర్తి చేసినవాళ్లు 69 శాతం. కాలేయానికి దెబ్బ కూడా వారపు మందుతోనే తక్కువ.

మూత్రం ఎర్రగా వస్తే భయపడి మానేయొద్దు, అది మందు రంగే. మోతాదు వేసుకున్న కొన్ని గంటలకు జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు తిరగడం ఉంటే మాత్రం తర్వాతి మోతాదుకు ముందే డాక్టరుకు చెప్పాలి. వాంతులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఏ మందైనా వెంటనే ఆపాలి. ఒక వారం మర్చిపోతే గుర్తొచ్చిన రోజే వేసుకోవాలి, రెండు వారాలవి కలిపి మింగకూడదు.

గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు వారపు మందు పనికిరాదు. రిఫాపెంటిన్ గర్భనిరోధక మాత్రల్ని, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌ను, కొన్ని హెచ్ఐవీ మందుల్ని పనిచేయనివ్వదు. వీళ్లకు రోజువారీ ఐసోనియాజిడే దారి. కాలేయ జబ్బు ముదిరి ఉన్నా, రోజూ తాగే అలవాటున్నా రెండూ ప్రమాదమే, డాక్టరు తేల్చాలి.

ఏది మొదలుపెట్టినా ముందు అసలు టీబీ లేదని తేల్చుకోవాలి. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అడగాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి. యార్డు మనుషులు 'మిర్చి ఘాటుకే దగ్గు' అనడం మామూలు. ఆ మాట విని వదిలేయొద్దు, కళ్లె పరీక్ష చేయించాలి. జబ్బు ఉండగా ఒక్క ఐసోనియాజిడ్ ఇస్తే క్రిమి ఆ మందుకు మొండికేస్తుంది. ఇంట్లో రోగి రిపోర్టులో క్రిమి రిఫాంపిసిన్ అనే టీబీ మందుకు లొంగదని ఉంటే ఈ రెండూ మొదలుపెట్టొద్దు, ఆ కుటుంబానికి మందు వేరే.