పద్నాలుగేళ్లు దాటిన నా మైకు: షూర్ ఎస్‌ఎం58

ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథకు మైకుసెట్టు పెట్టినవాళ్లకు ఒక సంగతి తెలుసు. అక్కడ గొంతు పెంచడం తేలికే, డోలును మైకులోకి రాకుండా ఆపడమే కష్టం. కథకుడు ఒకచోట నిలబడడు. గజ్జెల కాళ్లతో ఎగురుతాడు, గిర్రున తిరుగుతాడు. ఆయన వీపు వెనక రెండు మూరల దూరంలోనే డోలు మోగుతుంటుంది. 2011 సంక్రాంతికి మా దగ్గరున్న పాత మైకుతో కథ నడిపించాం. హారన్లలో డోలు, తాళాలు తప్ప ఇంకేం వినబడలేదు. కథ ముగిశాక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, డోలు ఎట్లైనా ఇనొస్తది. మాట తెల్వాలె గదా" అన్నాడు. ఆ ఎండాకాలం పెండ్లిళ్ల కిరాయిలు కూడబెట్టుకుని హైదరాబాద్ పోయి, కోఠిలో షూర్ ఎస్‌ఎం58 కొనుక్కొచ్చాను. అదే మైకు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

దీని పుట్టుక 1966. అమెరికాలో షూర్ కంపెనీ దీన్ని స్టూడియోల కోసమే తయారుచేసింది, పేరులో ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోనే. కానీ స్టేజీల మీద స్థిరపడింది. లోపల పల్చటి పొర, దానికి అతికించిన సన్నటి తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. మాట తగిలి పొర కదిలితే చుట్ట కూడా కదిలి కరెంటు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, మిక్సర్ (మైకుల శబ్దాలను కలిపి సరిచేసే పెట్టె) నుంచి మైకు వైరులోనే వచ్చే కరెంటు, అదే ఫాంటమ్ పవర్, అదీ అక్కర్లేదు. లోతు శబ్దాల వైపు 50 హెర్ట్జ్ నుంచి సన్న శబ్దాల వైపు 15,000 హెర్ట్జ్ వరకే దీని వినికిడి. కరెంటుతో నడిచే సున్నితమైన కండెన్సర్ మైకులు 20,000 దాకా పోతాయి. అయినా మన మైదానాల్లో ఆ పైది ఎవరికి కావాలి? 4,000 దాటిన దగ్గర దీని స్పందన కొంచెం లేచి ఉంటుంది కాబట్టి స, చ, ట లాంటి అక్షరాలు పాత హారన్లో కూడా విడివిడిగా పడతాయి. పెద్దాయన అడిగిన "మాట" అక్కడే ఉంది.

నిజం చెప్పాలంటే కొత్త మైకుతో మొదటి కథ కూడా నాకు తృప్తినివ్వలేదు. డోలు తగ్గింది గానీ పోలేదు. ఈ మైకు ముందు నుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుంటుంది, పక్కలది తక్కువ, సూటిగా వెనక నుంచి వచ్చేది మరీ తక్కువ. అంతవరకు నేనూ చదువుకున్నాను. కానీ కథకుడి మూతి ముందు పెడితే మైకు మొహం ఎటు ఉంటుంది? ఆయన వీపు వెనక ఉన్న డోలు వైపే! ఇది తట్టడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. తెల్లారి డోలు వాయించే అన్నను బతిమిలాడి కథకుడికి ఎదురుగా, కొంచెం పక్కకు నిలబెట్టాను. డోలు మైకు తోక వైపు, అంటే వైరు తగిలించే వైపు పడింది. మిక్సర్లో ఒక్క బటన్ ముట్టుకోకుండానే కథ తేటగా వినొచ్చింది. స్టేజీ మీదివాళ్లకు వాళ్ల గొంతు వినిపించే మానిటర్ బాక్సును కూడా అప్పటినుంచి మైకు తోకకు సూటిగా పెడుతున్నాను, కుయ్యిమనడం చాలా తగ్గింది.

అయితే ఈ గుణమంతా పట్టుకునే చేతిలో ఉంది. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేయడానికి మైకు తలలో, జాలీ లోపల, చిన్న సందులున్నాయి. జాలీ గుండును పిడికిలితో మూసేస్తే ఆ సందులు మూసుకుపోతాయి. అప్పుడది అన్నివైపులా వినే మైకైపోతుంది, బాక్సుల్లోంచి కూత మొదలవుతుంది. హనుమకొండలో ఒక రిసెప్షన్‌కు వచ్చిన యాంకర్ కుర్రాడు పాటలు పాడేవాళ్ల ఫొటోల్లో చూసినట్టుగా గుండునే పట్టుకున్నాడు. మైకు కూయగానే నావైపు కోపంగా చూసి మిగతా చేతిని కూడా దానిమీదే పెట్టాడు, కూత ఇంకా పెరిగింది. స్టేజీ ఎక్కి ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పి కింద పిడి మీదికి జరిపాను. కూత ఆగిపోయింది. అప్పటినుంచి ఫంక్షన్ మొదలుకాకముందే మైకు పిడి మీద ఎర్ర టేపు చుట్టి, "అన్నా, ఈ టేపు దాటి పైకి పట్టుకోవద్దు" అని చెప్పే అలవాటు చేసుకున్నాను. పెద్ద నాయకులకైనా చెప్తాను. వాళ్ల మాట జనానికి తెలియడం నా బాధ్యత.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఇంకో రకం కష్టం. అక్కడ పాట ఎత్తుకునే అక్కలు సిగ్గుతో మైకును గుండె దగ్గర పట్టుకుంటారు. ఈ మైకుకు అంత దూరం పనికిరాదు, మిక్సర్లో గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెంచితే చుట్టూ చప్పట్లు కూడా లోపలికొస్తాయి. "అక్కా, జర మూతి దగ్గరకు వెట్టుకోండ్రి, నాలుగు వేళ్ల దూరం" అని మర్యాదగా చెప్పాల్సిందే. దగ్గరకు తెస్తే సన్నటి గొంతుకు కొంచెం బరువు కూడా వస్తుంది. బరువు గొంతువాళ్లు మాత్రం ఆనించి మాట్లాడితే గుబగుబలాడుతుంది, వాళ్లకు మిక్సర్లో 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (లోతు శబ్దాలను తగ్గించే మీట) వేస్తాను. పిల్లనగ్రోవికి, వీణకు దీన్ని పెట్టను, ఆ సన్నదనం ఇందులోకి రాదు. చౌక మిక్సర్లకు తగిలిస్తే గెయిన్ బాగా తిప్పాల్సి వచ్చి బుస్సుమనే శబ్దం వినబడుతుంది. ఇవి తెలిసే కొనాలి.

గట్టిదనం గురించి ఎంత చెప్పినా తక్కువే. కాజీపేటలో ఒక బడి వార్షికోత్సవంలో స్టేజీ మీదినుంచి సిమెంటు గచ్చు మీద పడి జాలీ సొట్టపోయింది. చెంచా కాడతో లోపలినుంచి తోసి సరిచేశాను, అరగంటలో మళ్లీ పిల్లలు పాడారు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు అన్నదానం షెడ్డు దగ్గర నాలుగు రోజులు పెట్టాం. ఇంటికొచ్చి జాలీ విప్పితే లోపలి స్పాంజి ఎర్రగా ఉంది, మేడారం దుమ్ము, పసుపు, కొంచెం బెల్లం వాసన కూడా. జాలీ మాత్రమే మరతిప్పి తీసి, సబ్బునీళ్లలో పాత బ్రష్షుతో రుద్ది, నీడలో పూర్తిగా ఆరాక బిగించాను. జాలీ తీసిన మైకు తలను నీళ్లకు చూపించకూడదు. కరోనా తర్వాత ప్రతి ఫంక్షన్‌కు ముందు ఇలా కడగడం మా ఇంట్లో నియమమైంది.

వైర్‌లెస్ కావాలని ఇప్పుడందరూ అడుగుతున్నారు. నా దగ్గరున్న ఒక పాత వైర్‌లెస్ సెట్టు 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో (రేడియో తరంగాల్లో ఒక భాగం) పనిచేసేది. ఆ బ్యాండు 2022 వేలంలో 5జీకి పోయింది. ఆ తర్వాత జనం ఫోన్లతో నిండిన చోట మాట తెగిపోవడం మొదలైంది. కొనేముందు మీ సెట్టు ఏ బ్యాండులో నడుస్తుందో అడగండి. తాళి కట్టే వేళకు, పురోహితుడి మంత్రానికి నేను ఇంకా వైరున్న ఎస్‌ఎం58నే పెడతాను.

చివరగా, నకిలీలు. 2017లో ఒక దుకాణంలో సగం ధరకు వస్తుందంటే ఆశపడి రెండు తెచ్చాను. డబ్బా అదే, పేరు అదే, జాలీ మెరుపు కూడా అదే. స్టేజీ మీద మాత్రం గొంతులు రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి. తెల్లారి మా వీధి కిరాణా కొట్టుకు మూడింటినీ తీసుకుపోయాను. కొట్టాయన బెల్లం తూచే కాటా మీద పాతదాన్ని పెడితే 300 గ్రాములకు రెండు గ్రాములు తక్కువ చూపించింది, కంపెనీ చెప్పే 298కి సరిపోయింది. కొత్తవి రెండూ అంతకంటే ముప్పై గ్రాములకు పైగా తేలిక. అసలుదాని పిడిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, వీటిలో విప్పి చూస్తే ఆ చోటు ఖాళీగా ఉంది. తిరిగి ఇవ్వబోతే దుకాణంవాళ్లు తీసుకోలేదు. ఇప్పుడు ఎవరికి మైకు కొనిపెట్టడానికి పోయినా నా సంచిలో చిన్న కాటా ఉంటుంది.