పవర్‌గ్రిడ్ ఇన్విట్ యూనిట్లు: నాలుగేళ్ళు దగ్గర పెట్టుకున్నాక నా రివ్యూ

వేమగిరి దగ్గర హైవే పక్కన బండి ఆపి పైన హైటెన్షన్ తీగలు చూపించి ఇందులో మనకీ వాటా ఉంది తెలుసా అన్నాను, మా ఆవిడ ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు చూసింది. జోక్ కాదు, నిజంగానే ఉంది. శ్రీకాకుళం నుంచి వేమగిరి దాకా వచ్చే 765 కేవీ లైన్, ఖమ్మం నుంచి నాగార్జునసాగర్ పోయే 400 కేవీ లైన్, ఈ రెండూ వైజాగ్ ట్రాన్స్‌మిషన్ లిమిటెడ్ అనే కంపెనీవి, ఆ కంపెనీ పవర్‌గ్రిడ్ (హైటెన్షన్ లైన్లు వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పెట్టిన ట్రస్ట్ చేతిలో ఉంది, ఈ రకం ట్రస్ట్‌నే ఇన్విట్ అంటారు, ఆ ట్రస్ట్ యూనిట్లు, అంటే షేర్ల లాంటివి, నా డీమ్యాట్ ఖాతాలో ఉన్నాయి. వాటా లెక్కేస్తే ఒక బోల్టుకి కూడా సరిపోదనుకోండి, అది వేరే సంగతి.

అసలు కథేంటంటే పవర్‌గ్రిడ్ లైన్లు కడుతుంది, కట్టిన లైన్ మీద ఏటా ఛార్జీలు వస్తాయి, కానీ పెట్టిన డబ్బంతా ఆ ఇనుములో ఇరుక్కుపోతుంది. కొత్త లైన్లకి మళ్ళీ డబ్బు కావాలి కదా. 2030 కల్లా 500 గిగావాట్లు శిలాజేతర (బొగ్గు, గ్యాస్ కాని) కరెంటు అని టార్గెట్ పెట్టుకున్నారు, దానికి లైన్లు వెయ్యడానికే 2 లక్షల 44 వేల కోట్లు అవుతుందని 2022 డిసెంబర్‌లో కేంద్రం ప్లాన్ విడుదల చేసింది, మన అనంతపురం కర్నూలు సోలార్ కరెంటు బయటకి పోవాలన్నా లైన్ ఉంటేనే కదా. అందుకని కట్టేసిన లైన్లు కొన్ని ట్రస్ట్‌లో పెట్టి, రండి మీరూ ఓనర్లవ్వండి అని జనాన్ని పిలిచారు, ఆ వచ్చిన డబ్బుతో కొత్తవి కట్టుకుంటారు. 2021 ఏప్రిల్ చివర్లో ఐపీఓ, 7,735 కోట్లు, యూనిట్ 100 రూపాయలు, మొత్తం 5 ప్రాజెక్టులు: మన వైజాగ్‌తో పాటు కాలా అంబ్, పర్లి, వరోరా, జబల్‌పూర్.

అప్పట్లో కనీసం 1,100 యూనిట్లు తీసుకోవాలి, అంటే లక్షా పదివేలు. కరోనా సెకండ్ వేవ్ నడుస్తోంది, ఆఫీసులో ఇంక్రిమెంట్లు లేవు, ఎఫ్‌డీకి ఐదున్నర కూడా ఇవ్వట్లేదు, మెచ్యూర్ అయిన ఒక ఎఫ్‌డీ తీసి పెట్టేశా. ఇప్పుడా బాధ లేదు, ఆ ఏడాదే షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ రూల్ మార్చింది, ఒక్క యూనిట్ కూడా షేర్ కొన్నట్టు కొనుక్కోవచ్చు.

బాగున్నది ముందు చెప్తా. 2022-23 నుంచి ఏడాదికి యూనిట్‌కి 12 రూపాయలు, క్వార్టర్‌కి 3 చొప్పున వచ్చాయి, మా ఊళ్ళో పాల కేంద్రం వాళ్ళు కూడా ఇంత కరెక్ట్‌గా బిల్లు ఇవ్వరు. చేతికొచ్చిన క్యాష్‌లో కనీసం 90 శాతం పంచాలని రూలు కూడా ఉంది. ఇంత నిలకడగా ఎలా ఇస్తున్నారని కాస్త చదివితే అర్థమైంది, లైన్‌లో కరెంటు ఎంత పారిందో దానికీ వచ్చే డబ్బుకీ సంబంధం లేదు. లైన్ రెడీగా ఉందా లేదా, అంతే. ఏడాదిలో 98 శాతం అందుబాటులో ఉంటే ఫుల్ ఛార్జీ, అంతకన్నా ఎక్కువుంటే పైన ఇన్సెంటివ్. కళ్యాణ మండపం బుక్ చేసుకున్నాక వందమంది వచ్చినా వెయ్యిమంది వచ్చినా అద్దె అదేగా, అలాగన్నమాట. కాంట్రాక్ట్ 35 ఏళ్ళు. ఇంకోటి, డబ్బు ఒక్క డిస్కం (ఇళ్ళకి కరెంటు పంచే కంపెనీ) నుంచి రాదు, దేశం మొత్తానికి ఒకచోట బిల్లు వేసి వసూలు చేసి లైన్ల ఓనర్లందరికీ పంచుతారు, కాబట్టి ఏదో ఒక రాష్ట్రం డిస్కం బిల్లు లేటు చేసినా (మన రెండు రాష్ట్రాల డిస్కంల గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు) ఆ దెబ్బ అందరికీ తలా కాస్త పడుతుంది, మన ఒక్క నెత్తిన పడదు. హుద్‌హుద్ చూసిన వాడిని కాబట్టి టవర్లు పడిపోతే పరిస్థితేంటి అని నాకు మొదట్నుంచీ భయం, దానికి ఇన్సూరెన్స్ ఉంటుంది, తుఫాను లాంటి వాటి వల్ల లైన్ ఆగితే ఆ రోజుల్ని లైన్ అందుబాటులో లేనట్టు లెక్కెయ్యరు.

ఇంక అసలు సంగతి, ఇది ఏ యూట్యూబ్ వీడియోలోనూ గట్టిగా చెప్పరు. ఆ 12 రూపాయల్ని 12 శాతం వడ్డీ అనుకుంటే మోసపోయినట్టే. స్టేట్‌మెంట్ తెరిచి చూడండి, వచ్చే 3 రూపాయలు మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది, వడ్డీ కొంత, డివిడెండ్ కొంత, అప్పు తిరిగి చెల్లింపు అని ఇంకొంత. ఆ చివరిది, ట్రస్ట్ లైన్ల కంపెనీలకి అప్పుగా ఇచ్చిన మీ డబ్బే మీకు వెనక్కి రావడం. కొబ్బరితోట కౌలుకిచ్చి, కౌలుతో పాటు ఏటా రెండు చెట్లు కొట్టి కలప డబ్బులు కూడా చేతిలో పెట్టినట్టు. చూడ్డానికి ఆదాయం బానే ఉంటుంది, తోట మాత్రం పలచబడుతుంది. పైగా ఈ లైన్లన్నీ వేలంలో ఎవరు తక్కువకి కోట్ చేస్తే వాళ్ళకి ఇచ్చినవి, వేలంలో పాడిన రేటే ఏళ్ళ తరబడి నడుస్తుంది, ఇంటద్దెలా ఏటా పెరిగేది కాదు. ఒప్పందంలో ఏడాది తగ్గే కొద్దీ యూనిట్ విలువ కూడా తగ్గాలి, అది లెక్క, అన్యాయం కాదు. 2022లో రేటు 130 దాటింది, అందరూ ఎగబడ్డారు, 2024లో 100 కిందకి వచ్చింది. బ్యాంకుల వడ్డీలు పెరిగినప్పుడు ఇది పడటం మామూలే. 130 పెట్టి కొన్న మా కొలీగ్ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు, నేనేదో కొనమన్నట్టు.

దీనికి మందు ఒకటే, కొత్త లైన్లు ట్రస్ట్‌లోకి వస్తూ ఉండాలి. అక్కడే నాకు నచ్చలేదు. 2025 మార్చి దాకా చూస్తే చెప్పుకోదగ్గ కొనుగోలు ఏదంటే అవే 5 ప్రాజెక్టుల్లో మొదట 74 శాతమే తీసుకున్నారు కదా, మిగిలిన 26 శాతం తీసుకోవడం. వైజాగ్‌ది 2022లో, మిగతా నాలుగింటివి 2024 డిసెంబర్‌లో. ఈ ట్రస్ట్‌కి అప్పు చాలా తక్కువ, ఒప్పుకుంటా, రాత్రి నిద్ర పడుతుంది. పోల్చి చూడాలంటే ఇండిగ్రిడ్ ఉంది, 2017లో వచ్చిన ట్రస్ట్, మహేశ్వరం నుంచి మహబూబ్‌నగర్ పోయే 400 కేవీ లైన్ వాళ్ళదే, 2019లో కేకేఆర్, జీఐసీ అనే విదేశీ పెట్టుబడి సంస్థలు పెద్ద పార్ట్‌నర్లుగా వచ్చాక అప్పు తెచ్చి మరీ లైన్లూ సోలార్ ప్లాంట్లూ కొంటూ, పంచే డబ్బు కూడా పెంచుకుంటూ వచ్చారు. అప్పు ఎక్కువ కాబట్టి రిస్కూ ఎక్కువే. ఎవరి గుండె ఎంత గట్టిదో వాళ్ళు చూసుకోవాలి.

ట్యాక్స్ గోల ఒకటుంది. మా ఆడిటర్‌గారికి కాగితాలిస్తే ఇది డివిడెండేగా అని మొత్తం ఒకే గడిలో పడేశారు. కాదండీ, ట్రస్ట్ వాళ్ళు ఫారం 64బీ అని పంపిస్తారు, అందులో ఏ ముక్క ఎంతో ఉంటుంది, వడ్డీ ముక్క మన శ్లాబ్ ప్రకారం, దాని మీద 10 శాతం టీడీఎస్ కూడా ముందే కట్ అయ్యింది అని ఫోన్లో ఇరవై నిమిషాలు క్లాస్ పీకాల్సొచ్చింది, చివరికి రివైజ్డ్ రిటర్న్ వేశాం. ఫీజు మాత్రం రెండుసార్లు తీసుకున్నారు. మీరైతే ఆ ఫారం ముందే ప్రింట్ తీసి చేతిలో పెట్టండి.

మొత్తానికి 5కి మూడున్నర ఇస్తా. రిటైరై నెలనెలా కాకపోయినా మూడు నెలలకోసారి డబ్బు కావాలి, అసలు కొంచెం కరిగినా ఫర్వాలేదు అనుకునేవాళ్ళకి బావుంటుంది. డబ్బు రెట్టింపవ్వాలి అనుకునే కుర్రాళ్ళు దీని జోలికి పోవద్దు, ఇది పెరిగే చెట్టు కాదు.

ఇదంతా మా మావయ్యకి చెప్తే ఆయనకి మండుకొచ్చింది. ఆయన పొలంలో టవర్ ఉంది, ఈ ట్రస్ట్‌ది కాదు, ఇంకెవరిదో పాత 400 కేవీ లైన్. నాలుగు కాళ్ళ మధ్య నేల పోయింది, తీగల కింద కొబ్బరిచెట్టు పెంచకూడదు కాబట్టి చెట్లు కొట్టేశారు, మంచు పడ్డ తెల్లవారుజామున ఆ తీగలు జుయ్యిమని ఒకటే మోత. అప్పట్లో చెట్లకీ పంటకీ ఇచ్చారు గానీ నేలకి పైసా లేదు. 2015లో కేంద్రం టవర్ కింద నేల విలువలో 85 శాతం ఇవ్వమంది, 2024 జూన్‌లో దాన్ని 200 శాతం చేసింది, తీగల కింద స్థలానికి పల్లెల్లో 30 శాతం. వెనక్కి వెళ్ళి వర్తించదు కదా, ఆయనకేం లాభం. "నేలిచ్చినోణ్ణి నేను, వాటాదారుడివి నువ్వట్రా" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన డీమ్యాట్‌లో 50 యూనిట్లు కొనిపెట్టా. మొదటి క్వార్టర్ డబ్బు పడ్డ రోజు పొద్దున్నే ఫోన్.

"ఏరా, మూడు చొప్పున నూటయాభై రావాలన్నావు, పదో పదకొండో తక్కువొచ్చిందేంట్రా?"

"టీడీఎస్ మావయ్యా."

"అదెవరు మధ్యలో?"